మిద్దె మీద హోమ్ థియేటర్: స్పీకర్ల చోటు చెవి దగ్గర్నుంచి కొలవండి

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఇప్పుడు కట్టే ఇళ్లలో మిద్దె మీద ఒక గదిని హోమ్ థియేటర్‌కని వదలడం మామూలైంది. గది తయారయ్యాక జరిగేది మాత్రం చాలా ఇళ్లలో ఒకటే. టీవీని గోడకు బిగిస్తారు, సోఫాను వెనక గోడకు ఆనిస్తారు, గోడలో వైరు ఎక్కడ బయటికొస్తే అక్కడ స్పీకరు తగిలిస్తారు. లక్ష పెట్టి కొన్న సెట్టు ఇరవై వేల సెట్టులా మోగడానికి అసలు కారణం ఇదే.

ఈ వరుసను తిరగేయాలి. ముందు మనిషి కూర్చునే చోటు తేలాలి. ఆ మనిషి చెవుల దగ్గర్నుంచి కొలిచి స్పీకర్ల చోటు తేల్చాలి. వైర్లు, గోడకు గాడి కొట్టడం, ఫాల్స్ సీలింగ్ అన్నీ ఆ తర్వాతే. ఈ పనికి కావలసింది ఒక కొలత టేపు, పాతిక అడుగుల పురికొస, మాస్కింగ్ టేపు, చిన్న అద్దం, సాయానికి ఇంకో మనిషి. అంతే.

లెక్కలన్నిటికీ మన ఇళ్లలో తరచూ కనిపించే ఒక గదినే తీసుకుందాం: వెడల్పు 11 అడుగులు, పొడవు 14 అడుగులు, స్లాబు ఎత్తు 10 అడుగులు. టీవీ 11 అడుగుల గోడకు ఉంటుంది. మీ గది వేరే కొలతయినా పద్ధతి ఇదే.

ముందు కుర్చీ

సోఫాను వెనక గోడకు ఆనిస్తే రెండు నష్టాలు. గోడ దగ్గర బాస్, అంటే కింది స్వరాల ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది కాబట్టి అక్కడ కూర్చున్నవాళ్లకు అంతా బొయ్యిమని మోగుతుంది. పైగా తల వెనక జాగా లేకపోతే వెనక నుంచి రావలసిన శబ్దానికి చోటే ఉండదు. గదికి సరిగ్గా మధ్యలో కూర్చున్నా తప్పే. 14 అడుగుల పొడవులో సుమారు 40 హెర్ట్జ్ (సెకనుకు 40 కంపనాలు) దగ్గర ఒక నిలువ అల, అంటే ఎదురెదురు గోడల మధ్య అటూ ఇటూ తిరుగుతూ నిలిచిపోయే శబ్దం, ఏర్పడుతుంది. గది మధ్యలో, అంటే 7 అడుగుల దగ్గర, ఆ స్వరం దాదాపు మాయమైపోతుంది. డప్పు దెబ్బ పడుతుంది కానీ గుండెకు తగలదు.

వెనక గోడ నుంచి గది పొడవులో 38 శాతం దూరం మొదలుపెట్టడానికి మంచి చోటు. 14 అడుగుల గదిలో ఇది 5 అడుగుల 4 అంగుళాలు. సోఫా వీపును కాదు, చెవిని అక్కడికి తేవాలి. అంత వెనక్కి వదల్లేమంటే కనీసం ఒకటిన్నర అడుగైనా సోఫాను ముందుకు లాగండి. ఆ ఒకటిన్నర అడుగుకే వచ్చే తేడా చెవికి తెలుస్తుంది.

సోఫాలో కూర్చున్న మనిషి చెవి నేల నుంచి 36 నుంచి 40 అంగుళాల ఎత్తులో ఉంటుంది. మన ఇళ్లలో పండక్కి చుట్టాలొస్తే సగం మంది కిందే కూర్చుంటారు. వాళ్ల చెవి ఎత్తు ఇంకో 8 లేక 10 అంగుళాలు తక్కువ. అందుకని కొలతలకు రోజూ చూసేవాళ్ల చెవినే లెక్కలోకి తీసుకోండి, కింద కూర్చున్నవాళ్లకు ఏ స్పీకరూ సోఫా చాటున పడకుండా మాత్రం చూసుకోండి. సోఫా వీపుకు ఒక కర్ర నిలువుగా కట్టి 38 అంగుళాల దగ్గర టేపు చుట్టండి. ఇక నుంచి ఆ టేపే మీ చెవి. ప్రతి కొలతా అక్కడి నుంచే.

కోణాలను ఇలా లెక్కపెట్టుకోండి. మీ ముక్కుకు సూటిగా టీవీ వైపు 0 డిగ్రీలు, చెవికి నేరుగా పక్కకు 90, తల వెనక 180.

ముందరి మూడు స్పీకర్లు

ఎడమ, కుడి స్పీకర్లు ఒక్కోటీ మధ్య గీతకు 22 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి. డిగ్రీలు కొలవడానికి జామెట్రీ బాక్సు అక్కర్లేదు. చెవి నుంచి స్పీకరు వరుస దాకా ఉన్న దూరాన్ని 0.4 తో గుణిస్తే మధ్య గీత నుంచి కనీస దూరం వస్తుంది, 0.58 తో గుణిస్తే గరిష్ఠం. మన గదిలో చెవి నుంచి ముందు గోడకు 8 అడుగుల 8 అంగుళాలు. స్పీకరు ముఖం గోడకు 15 అంగుళాల ముందు ఉంటుందనుకుంటే మిగిలింది 7 అడుగుల 5 అంగుళాలు. అంటే రెండు స్పీకర్ల మధ్య ఎడం 6 అడుగుల నుంచి 8 అడుగుల 7 అంగుళాల దాకా ఉండొచ్చు. 11 అడుగుల వెడల్పుకు 7 అడుగుల 3 అంగుళాలు బాగా కుదురుతుంది. పక్క గోడకు స్పీకరు నడుమ నుంచి 22 అంగుళాలు మిగులుతుంది.

ఎడం మరీ తగ్గితే సంగీతమంతా టీవీ మీదే ముద్దగా పడుతుంది. మరీ పెరిగితే మధ్యలో గుంత పడినట్టుంటుంది. పాటలో గొంతు ఎటో ఒక పక్కకు లాగుతుంది.

ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. స్పీకరు ముఖం నుంచి దాని వెనకున్న గోడకు ఎంత దూరమో, పక్క గోడకూ సరిగ్గా అంతే దూరం ఉండకూడదు. తక్కువ స్వరాలు పెట్టె చుట్టూ తిరిగి గోడకు తగిలి వెనక్కొస్తాయి. గోడ 2 అడుగుల దూరంలో ఉంటే సుమారు 142 హెర్ట్జ్ దగ్గర ఆ తిరిగొచ్చే అల అసలు శబ్దాన్ని కొట్టేస్తుంది. ఆ చోట మగవాళ్ల గొంతు గాంభీర్యం ఉంటుంది. రెండు గోడలూ రెండేసి అడుగుల్లో ఉంటే ఒకే చోట రెండు దెబ్బలు పడతాయి. మన లెక్కలో వెనక 15, పక్కన 22 అంగుళాలు కాబట్టి దెబ్బ రెండుగా చీలిపోతుంది. పెట్టె వెనక గాలి రంధ్రం ఉన్న స్పీకర్లకు వెనక కనీసం 6 అంగుళాల ఖాళీ తప్పనిసరి.

పురికొస ఎందుకంటే, చెవి గుర్తు నుంచి ఎడమ స్పీకరు ట్వీటరుకు (పై స్వరాలు పలికే చిన్న గుండ్రటి భాగం) ఎంత పొడవో కుడి దానికీ అంతే రావాలి. ఒక అడుగు తేడా ఉంటే శబ్దం సుమారు 0.9 మిల్లీ సెకను ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యాన్ని రిసీవర్ (స్పీకర్లన్నిటినీ నడిపే ఆంప్లిఫయర్ పెట్టె) సరిచేయగలదు. పక్క గోడ నుంచి తిరిగొచ్చే శబ్దంలోని తేడాను అది సరిచేయలేదు. అరంగుళంలోపు కుదిరేదాకా జరపండి. ఆ తర్వాత రెండింటినీ లోపలికి తిప్పి, వాటి చూపు మీ తల వెనక ఒక అడుగు దూరంలో కలిసేలా పెట్టండి.

మాటల్లో ఎక్కువ భాగం టీవీ దగ్గర మధ్యన పెట్టే సెంటర్ స్పీకరు నుంచే వస్తాయి. అయినా అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేది అదే. టీవీ కింద షోకేసు అరలోకి తోసేస్తారు, ముందు రెండు బొమ్మలు పెడతారు. అర గోడలు గొంతును డబ్బాలో మాట్లాడినట్టు చేస్తాయి. స్పీకరు ముఖం అర అంచు కంటే ఒక వేలు మందం బయటికి రావాలి, ముందు ఏదీ అడ్డుండకూడదు. తర్వాత దాన్ని చెవి వైపు ఎత్తాలి. లెక్క చిన్నదే: సెంటర్ ట్వీటరు నేల నుంచి 18 అంగుళాలు, చెవి 36 అంగుళాలు, మధ్య దూరం 8 అడుగులు అనుకోండి. 8 అడుగులకు ఒకటిన్నర అడుగు ఎత్తు కావాలి. అదే పాళ్లలో 8 అంగుళాల లోతున్న పెట్టెకు ముందు అంచును ఒకటిన్నర అంగుళం పైకి లేపాలి. రబ్బరు ముక్కలు పెట్టి లేపండి, చెక్క ముక్కలైతే జారతాయి. సెంటర్‌ను టీవీ పైన పెడితే ఇదే లెక్కతో వెనక అంచును లేపాలి.

టీవీ గోడకు ఒక పక్క తలుపు, ఇంకో పక్క బాల్కనీ కిటికీ ఉంటే? వాస్తు ప్రకారం పెట్టిన తలుపును మార్చమనడం అయ్యే పని కాదు. టీవీని వేరే గోడకు మార్చగలరేమో ముందు చూడండి. రెండు పక్కలా ఒకే రకం గోడ దొరికేలా తిప్పుకోవడం అన్నిటికంటే చవకైన మందు. కుదరకపోతే సినిమా చూసేటప్పుడు తలుపు మూయండి, కిటికీకి బరువైన కర్టెన్ వేయండి. గాజు తిప్పికొట్టే కీచుదనం కొంతైనా తగ్గుతుంది.

సరౌండ్ స్పీకర్లు

ఎక్కువ ఇళ్లలో తప్పు జరిగేది ఇక్కడే. 5.1 సెట్టు అంటే ముందు మూడు స్పీకర్లు, చుట్టూ శబ్దం నింపే సరౌండ్లు రెండు, బాస్ కోసం ఒక సబ్‌వూఫర్. ఆ సరౌండ్లు రెంటినీ వెనక గోడ మూలల్లో స్లాబు దగ్గరగా తగిలిస్తారు. అవి కింద ఉన్న మనిషిని చూడవు, ఎదురు గోడను చూస్తుంటాయి. వాన కురిసే సీనులో వాన ఎక్కడో పక్కింటి మీద కురుస్తున్నట్టుంటుంది.

5.1 లో సరౌండ్లకు 110 నుంచి 120 డిగ్రీలు, సినిమా శబ్దం పద్ధతులు తయారుచేసే డాల్బీ కంపెనీ చెప్పే చోటు. అంటే చెవికి పక్కనే, కాస్త వెనక. గోడ మీద ఆ చోటు పట్టుకోవడానికి ఒక గుర్తు: చెవికి పక్కనున్న స్పీకరు ఎంత దూరమో అందులో మూడో వంతు వెనక్కు వెళ్లండి. దాదాపు 108 డిగ్రీలు వస్తుంది, సగం కంటే కాస్త ఎక్కువ వెళ్తే 120. మన గదిలో చెవి నుంచి పక్క గోడకు ఐదున్నర అడుగులు, స్పీకరు లోతు తీసేస్తే 5. అంటే చెవి వరుసకు 22 నుంచి 34 అంగుళాలు వెనక, పక్క గోడ మీద. 22 అంగుళాల దగ్గర మాస్కింగ్ టేపుతో నిలువు గీత పెట్టండి.

ఎత్తు సంగతి. సీలింగు స్పీకర్లు లేని మామూలు 5.1 అయితే సరౌండ్ ట్వీటరు చెవి కంటే ఒకటిన్నర నుంచి రెండడుగులు పైన, అంటే నేల నుంచి 5 అడుగుల దగ్గర ఉండాలి. కారణం సోఫాలో ముగ్గురు కూర్చోవడమే. చెవి ఎత్తులోనే పెడితే చివర కూర్చున్నవాళ్ల చెవిలో అరిచినట్టుంటుంది, అవతలి చివరివాళ్లకు మధ్యవాళ్ల తలలు అడ్డొస్తాయి. 10 అడుగుల వెడల్పు గదిలో 7 అడుగుల సోఫా వేస్తే అటూ ఇటూ ఒకటిన్నర అడుగే మిగులుతుంది. అలాంటి గదిలో 5 అడుగుల 6 అంగుళాలకు ఎత్తి, చూపును ఎదుటి చివర కూర్చున్న మనిషి తల వైపు తిప్పండి. దగ్గరివాళ్లకు ఘాటు తగ్గుతుంది, దూరంవాళ్లకు అందుతుంది.

అట్మాస్ (నెత్తి మీద నుంచి కూడా శబ్దం వచ్చే డాల్బీ పద్ధతి) పెట్టబోతుంటే మాత్రం ఇంత ఎత్తు వద్దు. ముందరి స్పీకర్ల ఎత్తుకు ఒకటింబావు కంటే మించకూడదు. పక్క స్పీకర్లే పైకెక్కి కూర్చుంటే నెత్తిన ఎగిరే హెలికాప్టరుకూ పక్కన పోయే బస్సుకూ తేడా తెలియదు.

సోఫాను వెనక గోడ నుంచి కదపడానికి వీల్లేని గదిలో సరౌండ్లను వెనక గోడకు తగిలించొద్దు. పక్క గోడల మీద, చెవికి సరిగ్గా 90 డిగ్రీల దగ్గర, 5 అడుగుల ఎత్తులో పెట్టండి. తల వెనక అర అడుగు దూరంలో ఉన్న స్పీకరు సరౌండ్ అనిపించుకోదు, చెవి పోటు తెస్తుంది.

గోడకు రంధ్రం వేయకముందే ఎత్తు స్టూలు మీద అట్టపెట్టెలు పేర్చి స్పీకరును ఆ చోట నిలబెట్టి రెండు రోజులు వినండి. మనకు నచ్చిన చోటు టేపు గీతకు అరడుగు అటో ఇటో రావచ్చు. ఇటుక గోడకైతే 8 మిల్లీమీటర్ల బిట్టుతో 2 అంగుళాల లోతు రంధ్రం, రావల్ ప్లగ్గు, స్క్రూ. ప్లాస్టరింగులోనే ఆగిపోయిన ప్లగ్గు ఆరు నెలల్లో ఊడి వస్తుంది. బిట్టు ఇటుకలోకి దిగాలి, ఎర్రటి పొడి రాలితే దిగినట్టు.

7.1 కి వెళ్లాలా

7.1 అంటే పక్కన రెండు, వెనక రెండు సరౌండ్లు. సోఫా వెనక కనీసం 4 అడుగులు ఉంటేనే. లేకపోతే ఆ డబ్బుతో మంచి సబ్‌వూఫర్ కొనండి. జాగా ఉంటే పక్క సరౌండ్లు 90 నుంచి 110 డిగ్రీల మధ్యకు, వెనకవి 135 నుంచి 150 మధ్యకు వస్తాయి. మన గదిలో వెనక రెంటి మధ్య ఎడం సుమారు 6 అడుగుల 9 అంగుళాలు. మూలల్లోకి తోయకూడదు.

సీలింగు స్పీకర్లు, ఫ్యాను గొడవ

అట్మాస్ సెట్టు పేరులో చివరి అంకె సీలింగు స్పీకర్ల సంఖ్య. 5.1.2 అయితే రెండు సీలింగు స్పీకర్లు చెవికి కాస్త ముందుగా రావాలి. స్లాబు నుంచి అర అడుగు కిందికి వేలాడే స్పీకరుకూ చెవికీ మధ్య ఎత్తు సుమారు 6 అడుగుల 4 అంగుళాలు. చెవి నుంచి ఒక అడుగు ముందుకు పెడితే 80 డిగ్రీల కోణం వస్తుంది. 5.1.4 అయితే ముందు జత 6 అడుగుల 4 అంగుళాలు ముందుకు, అప్పుడు సరిగ్గా 45 డిగ్రీలు. వెనక జతకు గోడ అడ్డొస్తుంది కాబట్టి 4 అడుగుల 8 అంగుళాలు వెనక్కు పెట్టండి, డాల్బీ చెప్పిన హద్దులోనే ఉంటుంది. అడ్డంగా చూస్తే అవి ముందరి ఎడమ, కుడి స్పీకర్ల వరుసలోనే ఉండాలి.

ఫ్యాను గది నడిమధ్య హుక్కుకే ఉంటుంది. 48 అంగుళాల ఫ్యాను రెక్క నడుమ నుంచి 2 అడుగులు వస్తుంది. మన సీలింగు స్పీకర్లు మధ్య గీతకు 3 అడుగుల 7 అంగుళాల దూరంలో ఉన్నాయి కాబట్టి రెక్కకూ వాటికీ ఒకటిన్నర అడుగు ఎడం ఉంటుంది. ఫర్వాలేదు. ముందు స్పీకర్ల మీద పెట్టి పైకి ఊదే అట్మాస్ మాడ్యూళ్లతోనే చిక్కు. వాటి శబ్దం స్లాబుకు తగిలి కిందికి దిగే దారి ఫ్యాను రెక్కల పక్కగానే పోతుంది. ఫ్యాను తిరిగితే శబ్దం వణుకుతుంది. మెట్లుమెట్లుగా కట్టిన ఫాల్స్ సీలింగ్ ఉంటే అది ఎటు పోతుందో చెప్పలేం. చదునైన సీలింగ్, ఏసీ ఉన్న గదికే అవి పనికొస్తాయి.

ఫాల్స్ సీలింగులో దింపే స్పీకరు బరువును పీఓపీ పలకకు వదలొద్దు. స్లాబుకు యాంకరు కొట్టి గొలుసు వేయించండి. పీఓపీ మేస్త్రీ పని మొదలుపెట్టే రోజే ఈ మాట చెప్పాలి, పలకలు మూసేశాక చెప్తే మళ్లీ కోయాల్సిందే.

సబ్‌వూఫర్: చోటు వెతకాల్సిందే

మిగతా స్పీకర్లను కొలిచి పెట్టొచ్చు, సబ్‌వూఫర్‌ను అలా పెట్టలేం. 11×14×10 అడుగుల గదిలో సుమారు 40, 51, 57 హెర్ట్జ్ దగ్గర నిలువ అలలు ఏర్పడతాయి. గదిలో ఒక చోట ఆ స్వరాలు ఉప్పొంగుతాయి, నాలుగడుగులు జరిగితే ఎండిపోతాయి. గది 12×12 చదరంగా ఉంటే రెండు అలలూ 47 హెర్ట్జ్ దగ్గరే ఒకదాని మీద ఒకటి పడతాయి. ఇల్లు ఇంకా ప్లానులోనే ఉంటే చదరపు గదిని థియేటరుకు ఎంచుకోవద్దని ఇంజనీరుకు చెప్పండి.

చోటు వెతికే పద్ధతి తలకిందులుగా ఉంటుంది. సబ్‌వూఫర్‌ను ఎత్తి సోఫాలో, మీరు కూర్చునే చోటనే పెట్టండి. 30 నుంచి 80 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే స్వరం గానీ, నడిచే బాస్ గిటారు ఉన్న పాట గానీ పదే పదే వేయండి. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, తల నేలకు దగ్గరగా వంచి, గోడల వెంట పాకుతూ వినండి. ప్రతి రెండడుగులకు ఒకసారి ఆగండి. మూలలో అన్నీ ఉబ్బి వినిపిస్తాయి. టీవీ గోడ మధ్యలో కొన్ని స్వరాలు తప్పిపోతాయి. ఎక్కడో ఒక చోట ప్రతి స్వరమూ ఒకే బలంతో, ముద్దకాకుండా వినిపిస్తుంది. అక్కడ టేపు అతికించండి. సబ్‌వూఫర్ ఉండాల్సింది అక్కడ. అలాంటివి రెండు మూడు దొరికితే ముందు గోడకు దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోండి.

రెండు సబ్‌వూఫర్లు కొనగలిగితే వాటిని ఎదురెదురు గోడల నడుమ పెట్టండి. ఆ గోడల మధ్య ఏర్పడే మొదటి నిలువ అలను అవి ఒకదానికొకటి అణిచేస్తాయి, సోఫాలో అందరికీ దాదాపు ఒకే బాస్ అందుతుంది. ఒక పెద్దదాని కంటే రెండు చిన్నవి మేలని చెప్పడం ఇందుకే.

సెట్టింగుల్లో మూడు చూడండి. రిసీవర్‌లో అన్ని స్పీకర్లనూ 'స్మాల్' అని పెట్టి క్రాసోవర్ (ఏ స్వరం కింద శబ్దం సబ్‌వూఫర్‌కు పోవాలో చెప్పే హద్దు) 80 హెర్ట్జ్ ఇవ్వండి. అరచేతిలో పట్టే చిన్న శాటిలైట్లయితే 100 లేదా 120. అంతకు మించితే బాస్ ఏ మూల నుంచి వస్తోందో చెవి పట్టేస్తుంది. రెండోది, సబ్‌వూఫర్ వెనకున్న ఫ్రీక్వెన్సీ మీటను చివరిదాకా తిప్పేయండి, లేదా ఎల్ఎఫ్ఈ అని ఉంటే అది పెట్టండి. అక్కడా 80, రిసీవర్‌లోనూ 80 పెడితే రెండు వడపోతలు కలిసి 80 చుట్టుపక్కల స్వరాలను తినేస్తాయి. బాస్ పీలగా ఉందని వాల్యూం పెంచేవాళ్లలో చాలామంది తప్పు ఇదే. మూడోది ఫేజ్ మీట. 80 హెర్ట్జ్ స్వరం వేసి, మీరు సోఫాలో కూర్చోండి, ఇంకొకరు 0 నుంచి 180 కి మార్చాలి. ఏది గట్టిగా వినిపిస్తే అది ఉంచండి.

కింద అద్దెకు ఎవరైనా ఉంటే సబ్‌వూఫర్‌ను నేరుగా గ్రానైటు మీద పెట్టకండి. రెండంగుళాల దళసరి ఫోము, దాని మీద ఒక ప్లైవుడ్ పలక, ఆ పైన సబ్‌వూఫర్. గాలిలో పోయే బాస్‌ను ఇది ఆపదు, స్లాబులోకి నేరుగా దిగే అదురు మాత్రం తగ్గుతుంది.

గ్రానైటు నేల, సున్నపు గోడ

మన ప్రాంతంలో గ్రానైటు చవక. నేలంతా అదే, టీవీ గోడకూ అదే. గది మధ్య నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టండి. చివర టింగుమని మోగితే గోడల మధ్య శబ్దం బంతిలా ఎగురుతోందని అర్థం. ఇలాంటి గదిలో స్పీకర్లు ఎంత బాగా అమర్చినా డైలాగు సగం అర్థం కాదు.

ఏది తగిలి తిరిగొస్తోందో అద్దంతో పట్టుకోవచ్చు. మీరు సోఫాలో కూర్చోండి. ఇంకొకరు పక్క గోడ మీద చెవి ఎత్తులో అద్దాన్ని ఆనించి మెల్లగా జరపాలి. అద్దంలో ముందు స్పీకరు ట్వీటరు ఎక్కడ కనిపిస్తే, మొదటి ప్రతిధ్వని అక్కడి నుంచే వస్తోంది. ఎడమ గోడ మీద ఎడమ స్పీకరుకు ఒకటి, కుడి స్పీకరుకు ఒకటి దొరుకుతాయి. కుడి గోడ మీదా అంతే. ఏమీ కొనకముందు ఇంట్లో ఉన్న దూది పరుపులను ఆ చోట్ల నిలబెట్టి వినండి. తేడా మీకే తెలుస్తుంది.

తేడా నచ్చితే ప్యానెళ్లు చేయించుకోండి. 2×4 అడుగుల చెక్క ఫ్రేము, లోపల 2 అంగుళాల రాక్‌వూల్, 48 డెన్సిటీది. గోడకు 2 అంగుళాల ఎడంతో తగిలిస్తే ఇంకా కింది స్వరాలను కూడా పీలుస్తుంది. రాక్‌వూల్ పట్టేటప్పుడు చేతి తొడుగులు, మాస్కు ఉండాలి, లేకపోతే చేతులు రోజంతా దురద పెడతాయి. పైన కప్పే గుడ్డకు పరీక్ష ఒకటే: నోటికి అడ్డం పెట్టి ఊదితే గాలి అవతలికి పోవాలి. రెగ్జిన్, దళసరి వెల్వెట్ పనికిరావు. శ్రీకాళహస్తి కలంకారీ నూలు గుడ్డ ఈ పనికి చక్కగా సరిపోతుంది. కరక్కాయ, పాలు పట్టించి కలంతో బొమ్మలు వేసినా నేతలో గాలి ఆడుతుంది. గోడకు బొమ్మా ఉంటుంది, పని కూడా జరుగుతుంది. ఉత్త కలంకారీ గుడ్డ ఒక్కటే గోడకు వేలాడదీస్తే మాత్రం ప్రయోజనం లేదు, పీల్చేది వెనకున్న మందమే.

నేలకు సోఫాకూ టీవీకీ మధ్య దళసరి కార్పెట్ వేయండి. పల్చటి జంపఖానా పై కీచుదనాన్ని మాత్రమే తీస్తుంది, కింద ఒక ఫోము పొర ఉంటే నయం.

వైర్లు

ముందు స్పీకర్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు. 30 అడుగులు దాటితే, లేదా స్పీకరు 4 ఓములదైతే 2.5 వాడండి. మన గదిలో రిసీవర్ నుంచి ఒక్కో సరౌండుకు గోడ వెంట పోతే సుమారు 22 అడుగులు, మిగులు కలిపి 28 కొనండి. కరెంటు వైర్లున్న పైపులో స్పీకరు వైరు దూర్చకండి, అది ప్రమాదం కూడా. వేరే ఒక అంగుళం పైపు, కరెంటు పైపుకు అడుగు ఎడంగా. పైపులో ఒక నైలాన్ తాడు అదనంగా వదిలేయండి, రేపు 7.1 కి పోవాలంటే అదే దిక్కు.

ఎర్ర, నల్ల కొనలు ఎక్కడా తారుమారు కాకూడదు. ఒక స్పీకరుకు తిరగబడితే బాస్ మాయమై, శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా పోతుంది. అనుమానం ఉంటే రిసీవర్ దగ్గర ఆ వైరు పూర్తిగా విప్పేసి, 1.5 వోల్టుల గడియారం బ్యాటరీ ప్లస్‌ను ఎర్ర కొనకు, మైనస్‌ను నల్ల కొనకు ఒక్క క్షణం తాకించండి. వూఫరు (స్పీకరులో కింది స్వరాలు పలికే పెద్ద గుండ్రటి భాగం) బయటికి కదిలితే సరిగ్గా ఉంది. లోపలికి పోతే తిరగబడింది.

మైకుతో సరిచూడటం

రిసీవర్‌తో వచ్చే మైకును చేత్తో పట్టుకోకూడదు, సోఫా వీపు మీద పెట్టకూడదు. కెమెరా స్టాండుకు బిగించి, కర్ర మీది 38 అంగుళాల గుర్తు దగ్గర నిలపండి. ఫ్యాను, ఏసీ ఆపేయండి. రాత్రి పది దాటాక చేయడం మంచిది, వీధిలో బండ్ల హారన్లు కూడా మైకు లెక్కలోకి వస్తాయి.

కొలత పూర్తయ్యాక రిసీవర్ చూపించే దూరాలను టేపుతో పోల్చండి. స్పీకర్లవి కొన్ని అంగుళాల తేడాలో ఉండాలి. సబ్‌వూఫర్ దూరం మాత్రం అసలు కంటే ఎక్కువ చూపించవచ్చు. దాని లోపలి సర్క్యూట్లలో అయ్యే ఆలస్యాన్ని కలుపుకుని చెప్తుంది కాబట్టి దాన్ని సరిదిద్దకండి. మాటలు తక్కువగా ఉంటే సెంటరును 1 లేక 2 డెసిబెల్ పెంచుకోండి. వెనక స్పీకర్లు 'వినపడట్లేదు' అని 5, 6 పెంచడం వద్దు. చాలా సీన్లలో వాటికి పనే ఉండదు, పని ఉన్నప్పుడు మీ చూపును వెనక్కి లాగేస్తాయి.

వెనక స్పీకర్లు అస్సలు మోగకపోతే వాటిని జరపకముందే రిసీవర్ డిస్‌ప్లే చూడండి. స్టీరియో అని ఉంటే తప్పు స్పీకర్లది కాదు. వచ్చే ప్రసారమే రెండు చానెళ్లది, లేదా టీవీ సెట్టింగులో ఆడియో పీసీఎం అని ఉంది. ఆప్టికల్ వైరులో 5.1 వస్తుంది కానీ అట్మాస్ రాదు, దానికి టీవీ మీద ఆర్క్ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ సాకెట్టు కావాలి.

చివరగా 20 నుంచి 120 హెర్ట్జ్ దాకా స్వరాన్ని నిదానంగా పెంచుతూ గదంతా తిరగండి. బీరువా తలుపు, షోకేసు గాజు, కిటికీ గ్రిల్లు, సజ్జ మీద పేర్చిన స్టీలు గిన్నెలు ఒక్కోటీ ఒక్కో స్వరానికి గిలగిలమంటాయి. మోగినదాని మీద చెయ్యి పెట్టండి, ఆగిపోతే దొంగ దొరికినట్టే. చిన్న ఫెల్టు ముక్కో, మడత పెట్టిన గుడ్డో దాని కింద దూర్చండి.

సోఫా నాలుగు కాళ్ల దగ్గరా నేల మీద చెరగని రంగుతో చిన్న చుక్కలు పెట్టండి. వారానికోసారి నేల కడిగేటప్పుడు సోఫా జరుగుతుంది. మళ్లీ చుక్కల మీదికి తెస్తే కొలతలన్నీ అలాగే ఉంటాయి.